ల్యాప్‌టాప్‌లో స్పీడ్ ర్యామ్ వేస్తే గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ పెరుగుతుందా? ముందు రెండో స్లాట్ చూసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీది రైజెన్ 5 5500యూ ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, డీడీఆర్4 రకం, 3200 స్పీడ్, ఒక్కటే స్టిక్. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న వేగా 7 మీదే ఆడుతున్నావు. జీటీఏ 5 గేమ్ 1080పీలో పెడితే సిటీలోకి రాగానే ఆగి ఆగి నడుస్తోంది. షాపులో ఒకాయన "పాత స్టిక్ తీసేసి 3600 స్పీడ్ ఉన్న 16 జీబీ స్టిక్ వేసుకో, ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది" అన్నాడు. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు స్క్రీన్ మీద గీసే ఫ్రేముల లెక్క. కొనాలా వద్దా అని అడిగావు.

ఆ స్టిక్ కొనకు. నీ 8 జీబీ స్టిక్‌ను అలాగే ఉంచి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అందులో ఇంకో 8 జీబీ 3200 స్టిక్ పెట్టు. ఖర్చు తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. నేను పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్ సర్వీసింగ్ పనిలో ఉన్నాను. ఇదే సందేహంతో నెలకు ఇద్దరు ముగ్గురు వస్తుంటారు, అందులో ఎక్కువ మంది డబ్బు పెట్టేశాకే వస్తారు. నువ్వు కొనకముందే అడిగావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే ఆ కార్డ్‌కు సొంత మెమరీ ఉంటుంది. జీటీఎక్స్ 1650లో జీడీడీఆర్5 రకాన్నే తీసుకో, దాని మెమరీ సెకనుకు 128 జీబీ డేటా అందించగలదు. అందులో వేరే ఎవరికీ వాటా లేదు. నీ వేగా 7కు అలాంటి సొంత మెమరీ లేదు. విండోస్, బ్రౌజర్, గేమ్, ప్రాసెసర్ కోర్లు ఏ ర్యామ్ వాడుకుంటున్నాయో, గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. గోడల మీద బొమ్మలు, నీడలు, రోడ్డు మీద కార్లు, గీసిన ప్రతి ఫ్రేమ్, అన్నీ ఆ ఒక్క దారిలోనే వచ్చి పోవాలి.

మాది కృష్ణా డెల్టా. కాలువ చివరి భూములున్న రైతును అడిగితే ఈ సంగతి నాకంటే బాగా చెప్తాడు. పైవాళ్లు తోడుకోగా మిగిలిన నీళ్లే కిందికి వస్తాయి. అక్కడ ఎంత పెద్ద మోటారు బిగించినా కాలువలో నీళ్లు లేకపోతే పొలం తడవదు. నీ వేగా 7 ఆ మోటారు లాంటిది. దానికి సత్తా లేక కాదు ఆగుతున్నది, సరిపడా డేటా అందక చాలాసేపు ఖాళీగా ఎదురు చూస్తోంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. డీడీఆర్4 స్టిక్ ఒక్క విడతకు 64 బిట్లు పంపుతుంది, అంటే 8 బైట్లు. 3200 అంటే సెకనుకు 320 కోట్ల విడతలు. ఎనిమిదితో గుణిస్తే సెకనుకు 25.6 జీబీ. నీ స్టిక్ లేబుల్ మీద పీసీ4-25600 అని ఉందంటే ఆ అంకె ఇదే, ఎంబీల్లో రాశారు. కొన్ని లేబుళ్ల మీద పీసీ4-3200ఏఏ అని ఉంటుంది, రెండూ ఒకటే. ప్రస్తుతం నీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిసి పంచుకుంటున్నది ఈ 25.6 జీబీనే.

షాపాయన చెప్పిన 3600 స్టిక్ నిజంగా 3600లోనే నడిచిందనుకుందాం. అప్పుడు 28.8 జీబీ వస్తుంది, అంటే పన్నెండున్నర శాతం ఎక్కువ. అదే రెండో స్లాట్‌లో ఇంకో 3200 స్టిక్ పెడితే రెండు దారులు తెరుచుకుంటాయి. 64 బిట్లు కాస్తా 128 బిట్లు అవుతాయి, 25.6 కాస్తా 51.2 జీబీ అవుతుంది. డ్యూయల్ ఛానెల్ అంటే ఇదే. కాలువలో నీళ్ల వేగం కాస్త పెంచడం ఒక ఎత్తు, పక్కనే రెండో కాలువ తవ్వడం ఇంకో ఎత్తు.

పైగా ఆ 3600 స్టిక్ నీ ల్యాప్‌టాప్‌లో 3600లో నడవదు. డీడీఆర్4తో 5500యూ అధికారిక పరిమితి 3200. అంతకు మించి నడపాలంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్, అంటే ర్యామ్‌ను మామూలు ప్రమాణం కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేసే వీలుండాలి. డెస్క్‌టాప్ బోర్డుల్లో అది మామూలే. ల్యాప్‌టాప్‌లలో, కొన్ని ఖరీదైన గేమింగ్ మోడళ్లు తప్ప, ఆ ఆప్షనే ఇవ్వరు. 5500యూ లాంటి తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో నేను ఇంతవరకు చూడలేదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది, ఇది షాపుల్లో ఎవరూ చెప్పరు. ప్రతి స్టిక్‌లో ఒక చిన్న చిప్ ఉంటుంది, ఆ స్టిక్ ఏయే వేగాల్లో నడవగలదో అందులో రాసి ఉంటుంది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేసే వేగం చాలాసార్లు ఎక్స్‌ఎంపీ వేగమే. ఎక్స్‌ఎంపీ లేని ల్యాప్‌టాప్ దాన్ని పట్టించుకోదు, మామూలు ప్రమాణం ప్రకారం రాసి ఉన్న వేగాన్నే తీసుకుంటుంది. కొన్ని స్టిక్‌లలో ఆ మామూలు వేగం 2400 లేదా 2666 మాత్రమే. అంటే నువ్వు ఎక్కువ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టి కొన్న స్టిక్, నీ పాత స్టిక్ కంటే నెమ్మదిగా నడవొచ్చు.

ఇది నా చేతుల మీదుగానే జరిగింది. ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ల్యాప్‌టాప్‌తో పాటు కొత్త స్టిక్ కూడా తెచ్చి బిగించమన్నాడు. ప్యాకెట్ మీద 3200 అని ఉంది, లోపలున్నదీ 3200నే కాబట్టి నేనూ నమ్మి బిగించాను. ఆన్ చేసి చూస్తే రెండూ 2400 చూపిస్తున్నాయి. కొత్తదాని మామూలు వేగం 2400, 3200 అన్నది ఎక్స్‌ఎంపీ. రెండు స్టిక్‌లు కలిస్తే తక్కువ వేగం ఉన్నదానికే రెండూ దిగిపోతాయి. 51.2 జీబీ రావాల్సిన చోట 38.4 జీబీ వచ్చింది. ప్యాకెట్ విప్పేశాం కాబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచి, ప్యాకెట్ విప్పకముందే ఆ మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ చూస్తున్నాను. అందులో జెడెక్ (ర్యామ్ మామూలు ప్రమాణం) 3200 అనో, 1.2 వోల్టుల దగ్గర 3200 అనో స్పష్టంగా ఉంటేనే బిగిస్తాను. 3200 ఎక్స్‌ఎంపీ అని మాత్రమే ఉంటే వద్దని చెప్పేస్తాను. నువ్వూ అలాగే చెయ్యి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

అయితే స్పీడ్‌కు విలువే లేదని నేననడం లేదు. ఒక సందర్భంలో ఉంటుంది. ప్రాసెసర్ 3200 తీసుకోగలిగినా కంపెనీవాళ్లు కొన్ని మోడళ్లలో 2666 స్టిక్ వేసి అమ్ముతారు. అప్పుడు రెండు స్లాట్‌లలోనూ 3200 వేస్తే డేటా దారి 20 శాతం పెరుగుతుంది. ఎఫ్‌పీఎస్ అంతకు మించి పెరగదు, సాధారణంగా అందులో సగం వచ్చినా గొప్పే. కాబట్టి ముందు నీ ప్రాసెసర్ పరిమితి ఎంతో ఇంటెల్ లేదా ఏఎండీ సైట్‌లో చూసుకోవాలి. ఐ5-8250యూ అయితే డీడీఆర్4 2400, ఐ5-10210యూ అయితే 2666, ఐ5-1135జీ7 అయితే 3200. రైజెన్ 5 3500యూ 2400 దగ్గరే ఆగిపోతుంది, 4500యూ, 5500యూ 3200 దాకా వెళ్తాయి. 3500యూలో 3200 స్టిక్ వేస్తే పాడవదు, 2400లో నడుస్తుంది, అంతే. ఆ పరిమితికి సరిపడే స్టిక్ కొనుక్కోవాలి, దాన్ని దాటిన అంకెకు డబ్బు పెట్టొద్దు.

కొనేముందు నీ మెషీన్‌లో రెండో స్లాట్ ఉందో లేదో తేల్చుకో. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు. కింద స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని ఉంటే మంచి సంకేతం. కానీ దాన్నొక్కదాన్నే నమ్మొద్దు, బోర్డుకు అతికించిన ర్యామ్‌ను కూడా కొన్ని ల్యాప్‌టాప్‌లు స్లాట్ కిందే లెక్కిస్తాయి. పక్కనే ఫారమ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే తీసి పెట్టే స్టిక్, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు సోల్డర్ చేసిన ర్యామ్. అనుమానం ఉంటే నీ మోడల్ పేరుతో కంపెనీ మాన్యువల్ చూడు, లేదా ఆ మోడల్‌ను విప్పి చూపించే వీడియో చూడు. ఒకే పేరుతో వచ్చిన మోడళ్లలోనే ఒకదానికి రెండు స్లాట్‌లు, ఇంకోదానికి ఒక్క స్లాట్ ఉండటం నేను చూశాను, కాబట్టి మోడల్ నంబర్ పూర్తిగా సరిపోల్చుకో.

ఇంకో చిన్న విషయం, దీని వల్ల చాలామందికి టెన్షన్. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ చూస్తే డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1600 దగ్గర కనిపిస్తుంది. సగం వేగంతో నడుస్తోందని భయపడొద్దు. డీడీఆర్ అంటేనే ఒక్క గడియారపు దెబ్బకు రెండుసార్లు డేటా పంపేది. 1600 దెబ్బలు, 3200 విడతలు. టాస్క్ మేనేజర్‌లో పాత విండోస్ దీన్ని 3200 మెగాహెర్ట్జ్ అని చూపిస్తుంది, కొత్తది ఎంటీ పర్ సెకండ్ (సెకనుకు ఎన్ని పది లక్షల విడతలు) అని చూపిస్తుంది. అంకె ఒకటే.

ఇక స్టిక్ ఎంపిక. బ్రాండ్ ఒకటే కావాలనే నియమం లేదు. సైజు, వేగం కలిస్తే చాలు. డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్‌కు 260 పిన్నులు, 1.2 వోల్టులు. దాని తర్వాత వచ్చిన రకం డీడీఆర్5 అయితే 262 పిన్నులు, గాడి కూడా వేరే చోట ఉంటుంది, నీ స్లాట్‌లో దిగదు, బలవంతంగా నొక్కొద్దు. నేను లేబుల్ మీద తప్పకుండా చూసేది ఇంకోటి ఉంది. 1ఆర్‌ఎక్స్8 అనో 1ఆర్‌ఎక్స్16 అనో చిన్నగా రాసి ఉంటుంది. 8 జీబీ స్టిక్ 1ఆర్‌ఎక్స్8 అయితే దాని మీద ఎనిమిది చిప్పులుంటాయి, 1ఆర్‌ఎక్స్16 అయితే నాలుగే పెద్ద చిప్పులుంటాయి. నాలుగు చిప్పుల రకంలో లోపలి మెమరీ గదుల గుంపులు సగమే ఉంటాయి. దానివల్ల ఒకదాని తర్వాత ఒకటి చదివేటప్పుడు ఎదురుచూపులు పెరుగుతాయి, గ్రాఫిక్స్ మీద ఆ తేడా కొన్ని శాతం దాకా కనిపిస్తుంది. ఈ మధ్య కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే 8 జీబీ స్టిక్‌లు చాలావరకు నాలుగు చిప్పులవే. నీ పాతది అదే రకమైనా ఫర్వాలేదు, డ్యూయల్ ఛానెల్ ఎలాగూ పని చేస్తుంది. కొనేది మాత్రం ధరలో పెద్ద తేడా లేకపోతే ఎనిమిది చిప్పులది అడుగు.

సీఎల్ అనే అంకె (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని గడియారపు దెబ్బలు తీసుకుంటుందో) గురించి ఎక్కువ ఆలోచించొద్దు. మామూలు 3200 స్టిక్‌లు సీఎల్22. కింగ్‌స్టన్ ఫ్యూరీ ఇంపాక్ట్‌లో సీఎల్20 రకం ఉంది, బయోస్‌లో ఏమీ మార్చకుండానే ఆ వేగం అందుకుంటుంది. లెక్కేస్తే మొదటిది 13.75 నానో సెకన్లు, రెండోది 12.5. గ్రాఫిక్స్‌కు కావాల్సింది ఒక్కసారిగా ఎక్కువ డేటా, ఆ 1.25 నానో సెకన్ల తేడాకు పెద్ద ధర పెట్టాల్సిన పని లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి కూడా, ప్రతి వందా చూసుకుని పెట్టాలి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లగలిగితే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లు. అక్కడే బిగించి, వేగం చూసుకుని, అప్పుడు డబ్బు ఇవ్వు. వాడిన స్టిక్ దొరికితే అదీ మంచిదే, ర్యామ్ తొందరగా అరిగిపోయే వస్తువు కాదు. కాకపోతే పరీక్షించకుండా తీసుకోవద్దు, ఎలా పరీక్షించాలో చివర్లో చెప్తాను.

16 జీబీ ఒక్క స్టిక్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. అది వేస్తే చోటు పెరుగుతుంది, దారి మాత్రం ఒక్కటే. ఒకవేళ పాత 8తో పాటు 16 పెడితే? అది కూడా పని చేస్తుంది. మొదటి 16 జీబీ, అంటే రెండు స్టిక్‌ల నుంచి ఎనిమిదేసి, డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది. మిగిలిన 8 జీబీ ఒంటి దారిలో నడుస్తుంది. వీడియో ఎడిటింగ్ లాంటి పనులు ఉన్నవాళ్లకు ఇది మంచి ఏర్పాటే. గేమ్స్ కోసం మాత్రమే అయితే 8, 8 చక్కగా సరిపోతుంది.

నీ విషయంలో చోటు కూడా సమస్యే, అందుకే సిటీలోకి రాగానే ఆగుతోంది. 8 జీబీలో గ్రాఫిక్స్ కోసం బయోస్ ముందే కొంత పక్కన పెడుతుంది, కొన్ని మోడళ్లలో 512 ఎంబీ, కొన్నింటిలో 2 జీబీ. టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని కనిపించేది అదే. మిగిలిన దాంట్లో విండోస్, వెనక నడిచే బ్రౌజర్, యాంటీవైరస్ మూడు జీబీ దాకా తింటాయి. గ్రాఫిక్స్‌కు ఇంకా కావాలంటే విండోస్ ర్యామ్‌లో సగం దాకా పంచి ఇస్తుంది. జీటీఏ 5లో ఊళ్లోకి వచ్చేసరికి భవనాలు, మనుషులు, బళ్లు ఒక్కసారిగా లోడ్ అవ్వాలి. ర్యామ్‌లో చోటు లేక విండోస్ కొంత డేటాను డిస్క్ మీదకు తోసేస్తుంది. ఆ క్షణంలోనే నీకు స్క్రీన్ గడ్డకట్టినట్టు ఆగుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ 35 చూపిస్తున్నా ఆట నరకంలా అనిపించడానికి కారణం ఈ ఆగడాలే. 16 జీబీ అయ్యాక ఇవి దాదాపు పోతాయి. నిజం చెప్పాలంటే, రెండో స్టిక్ వేయించుకున్నవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పే మొదటి మాట ఎఫ్‌పీఎస్ పెరిగిందని కాదు, ఆగడం పోయిందని.

ఎంత పెరుగుతుందని ఆశించాలి? దారి రెట్టింపు అయింది కదా అని ఎఫ్‌పీఎస్ రెట్టింపు కాదు. గ్రాఫిక్స్ మీద బరువు పడే గేమ్స్‌లో మూడో వంతు నుంచి సగం దాకా పెరగడం మామూలే. 30 వచ్చే చోట 40, 45 వస్తుంది. వాలరెంట్ లాంటి తేలికపాటి గేమ్ నీ 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఇప్పటికే 60 దాటుతుంటే తేడా కంటికి అంతగా కనిపించదు, మధ్యలో పడిపోవడాలు మాత్రం తగ్గుతాయి. ఐ5-8250యూ, 10210యూ వాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వాటిలోని గ్రాఫిక్స్ చిన్నది, ఉన్న డేటానే పూర్తిగా వాడుకోలేదు. పెరుగుతుంది, కానీ తక్కువ.

ఇంటెల్ ప్రాసెసర్‌లోనే వచ్చే ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఐ5-1135జీ7 కొన్నాను, బాక్స్ మీద ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉంది, డివైస్ మేనేజర్‌లో మాత్రం యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తోంది, నన్ను మోసం చేశారా అని చాలామంది అడుగుతారు. అందులో ఒక్క స్టిక్ ఉండటమే కారణం. రెండు ఛానెళ్లలో ర్యామ్ ఉంటేనే ఇంటెల్ ఆ గ్రాఫిక్స్‌కు ఐరిస్ ఎక్స్‌ఈ పేరు ఇస్తుంది. రెండో స్టిక్ పెట్టి ఆన్ చేస్తే పేరు దానంతటదే మారుతుంది. ర్యామ్ దారి ఎంత ముఖ్యమో ఇంటెల్ స్వయంగా ఒప్పుకున్నట్టే కదా.

డీడీఆర్5 ల్యాప్‌టాప్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఒక తప్పు మాట బాగా తిరుగుతోంది: "డీడీఆర్5 ఒక్క స్టిక్కే డ్యూయల్ ఛానెల్, రెండోది అక్కర్లేదు." నిజమేమిటంటే, డీడీఆర్5 స్టిక్‌ను లోపల 32 బిట్ల చొప్పున రెండు చిన్న ఛానెళ్లుగా విడగొట్టారు. కలిపితే మళ్లీ 64 బిట్లే, పాత స్టిక్‌కు ఉన్నంతే. సీపీయూ-జెడ్‌లో ఒక్క స్టిక్‌తో 2 ఎక్స్ 32 బిట్ అని, రెండు స్టిక్‌లతో 4 ఎక్స్ 32 బిట్ అని చూపిస్తుంది. రైజెన్ 7 7840హెచ్‌ఎస్ తీసుకుంటే దాని లోపలి గ్రాఫిక్స్ రేడియాన్ 780ఎం నీ వేగా 7 కంటే చాలా బలమైనది. 5600 స్టిక్ ఒక్కటే ఉంటే 44.8 జీబీ, రెండుంటే 89.6 జీబీ. గ్రాఫిక్స్ ఎంత బలమైనదైతే ఒక్క స్టిక్‌తో అంత ఎక్కువ నష్టపోతుంది. అంత ఖరీదైన ల్యాప్‌టాప్ కొని, 16 జీబీ ఒక్క స్టిక్‌తో ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పూర్తిగా సోల్డర్ చేసిన ర్యామ్ ఉన్నవాళ్లు, ఉదాహరణకు రైజెన్ 5 7520యూ వాళ్లు, చేయగలిగింది ఏమీ లేదు. కొనేటప్పుడే 16 జీబీది తీసుకోవాలి. జీటీఎక్స్, ఆర్‌టీఎక్స్ కార్డ్ విడిగా ఉన్నవాళ్లకు రెండో స్టిక్ ప్రాసెసర్ వైపు సాయం చేస్తుంది, కానీ నేను పైన చెప్పిన లెక్కలు వాళ్లకు వర్తించవు.

బిగించడం నువ్వే చేసుకోవచ్చు. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ర్యామ్ కోసం వెనక మూత విప్పితే అభ్యంతరమా అని అడుగు. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి చార్జర్ తీసెయ్. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకుని అక్కడే పెట్టుకో. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి. మూత ఊడటానికి స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, పాత ఏటీఎం కార్డ్ వాడు. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. షట్‌డౌన్ చేసినా బోర్డులో కరెంటు ఉంటుంది. దీన్ని వదిలేసి బోర్డు కాల్చుకున్న కేసులు నా టేబుల్ మీదకు వచ్చాయి, ఆ రిపేర్ ఖర్చుతో నాలుగు స్టిక్‌లు వస్తాయి. తర్వాత ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకో. స్టిక్‌ను అంచులతో పట్టుకుని, గాడి చూసుకుని, ముప్పై డిగ్రీల వాలుగా బంగారు పళ్లు దాదాపు కనిపించనంత లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకోవాలి.

ఆన్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే కంగారుపడి పవర్ బటన్ నొక్కెయ్యొద్దు. కొత్త ర్యామ్‌ను బోర్డు సరిచూసుకుంటోంది. డీడీఆర్4లో ఒక నిమిషం పట్టొచ్చు, డీడీఆర్5లో ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఐదు నిమిషాలైనా ఏమీ రాకపోతే అప్పుడు ఆపి, స్టిక్ తీసి మళ్లీ బిగించు. పది కేసుల్లో తొమ్మిదింట అది సరిగ్గా దిగకపోవడమే.

విండోస్ వచ్చాక సీపీయూ-జెడ్‌లో ఛానెల్ దగ్గర డ్యూయల్ అనో, 2 ఎక్స్ 64 బిట్ అనో ఉందా, ఫ్రీక్వెన్సీ 1600 దగ్గర ఉందా చూడు. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి యూఎంఏ ఫ్రేమ్ బఫర్ (గ్రాఫిక్స్ కోసం ముందే పక్కన పెట్టే ర్యామ్) అనే ఆప్షన్ ఉంటే 2 జీబీ పెట్టు. దీని వల్ల ఎఫ్‌పీఎస్ పెద్దగా మారదు, కానీ వీడియో మెమరీ తక్కువ ఉందని కొన్ని గేమ్స్ పెట్టే పేచీ తగ్గుతుంది. ఆప్షన్ లేకపోతే వదిలెయ్.

గేమ్ సెట్టింగ్స్‌లోనూ దారి మీద బరువు తగ్గించొచ్చు. జీటీఏ 5లో ఎంఎస్‌ఏఏ పూర్తిగా ఆఫ్ చేసి ఎఫ్‌ఎక్స్‌ఏఏ పెట్టు. రెండూ బొమ్మల అంచులను నున్నగా చేసేవే, రెండోది తేలిక. ఎంఎస్‌ఏఏ నాలుగింతలు పెడితే ఒక్కో పిక్సెల్‌కు నాలుగు నమూనాలు రాయాలి, ఆ రాతంతా నీ ర్యామ్ మీదే పడుతుంది. గడ్డి క్వాలిటీ నార్మల్‌కు తగ్గించు, ఊరు దాటి కొండల వైపు వెళ్తే దాని విలువ తెలుస్తుంది. 1080పీలో ఒక్క ఫ్రేమ్‌కు దాదాపు 20 లక్షల 73 వేల పిక్సెళ్లు, 1600 బై 900లో 14 లక్షల 40 వేలు. ఆ ఒక్క మార్పుతోనే మూడో వంతు దాకా పని తగ్గుతుంది. 15 అంగుళాల స్క్రీన్ మీద 900పీ చూడటానికి బాగానే ఉంటుంది, నేను అందరికీ అదే చెప్తాను. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసి చూపించే ఆప్షన్) ఉన్న గేమ్స్‌లో దాన్ని ఆన్ చేసుకో.

ఇంకో అడ్డంకి కరెంటు. నీ ప్రాసెసర్‌కు మామూలుగా 15 వాట్లు ఇస్తారు, దాన్ని కోర్లు, గ్రాఫిక్స్ పంచుకోవాలి. చార్జర్ పెట్టుకునే ఆడు, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టు. మన ఊళ్లలో మే నెల ఎండకు గదిలోనే నలభై డిగ్రీలుంటే ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు రెండు స్టిక్‌లున్నా పది నిమిషాల తర్వాత ఎఫ్‌పీఎస్ పడిపోతుంది. ఎలాగూ మూత విప్పుతున్నావు కాబట్టి ఫ్యాన్ రెక్కలు వేలితో కదలకుండా పట్టుకుని బ్రష్‌తో దుమ్ము తుడిచెయ్. పరుపు మీద పెట్టి ఆడకు.

పరీక్ష సంగతి చెప్తానన్నాను కదా. ర్యామ్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్ మెమ్‌టెస్ట్86 ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని నుంచి బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు నడిపించు. పొద్దున లేచేసరికి ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్ వద్దు, మార్చుకో. ఒక్కటే కదా అని వదిలేస్తే తర్వాత గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్లు వస్తాయి, కాలేజీ ప్రాజెక్ట్ ఫైళ్లు కూడా పాడవుతాయి. వాడిన స్టిక్ తీసుకుంటే, తప్పులొస్తే తిరిగి తీసుకుంటారని ముందే మాట తీసుకో.

ఈ రోజు ఒక పని చెయ్యి తమ్ముడూ. మూత విప్పకుండానే టాస్క్ మేనేజర్ మెమరీ పేజీ, సీపీయూ-జెడ్‌లో మెమరీ, ఎస్పీడీ ట్యాబ్‌లు స్క్రీన్‌షాట్ తీసి, ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబర్‌తో పాటు ఇక్కడ పెట్టు. రెండో స్లాట్ ఉందో లేదో, ఏ రకం స్టిక్ తీసుకోవాలో చూసి చెప్తాను. అప్పటిదాకా షాపాయనకు అడ్వాన్స్ ఇవ్వకు.